ఉప్పునీటి ట్యాంక్‌లో నైట్రేట్ 80 దగ్గరే ఆగిపోయింది, సహజంగా దించే దారి ఏది?

హైదరాబాదీ_రీఫ్:

అందరికీ నమస్తే. నాది నాలుగు అడుగుల సాల్ట్‌వాటర్ ట్యాంక్, కింద సంప్‌తో (ఫిల్టర్ సామానుండే రెండో పెట్టె) కలిపి నీళ్ళు 300 లీటర్ల దాకా ఉంటాయి. క్లౌన్ జంట, ఒక ఫాక్స్‌ఫేస్, రెండు డాంసెల్స్, ఒక మూలన కొన్ని మష్రూమ్స్, జోవాలు (రెండూ మెత్తటి పగడాలే). ఏడాది దాటింది, చేపలు హుషారుగానే ఉన్నాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ ఒక్కటే 80 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దగ్గర కూర్చుంది, కదలట్లేదు. వారం వారం 10 శాతం నీళ్ళు మారుస్తున్నా. మార్చిన రోజు కాస్త దిగినట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి టెస్ట్ ట్యూబ్‌లో మళ్ళీ అదే ఎరుపు. జోవాలు సగం రోజు ముడుచుకునే ఉంటున్నాయి, అద్దం మీద పాచి గీకీ గీకీ చెయ్యి నొప్పి పుడుతోంది.

ఇక్కడ ఒక షాపులో అడిగితే నైట్రేట్ పీల్చే రెసిన్ అని ఒక సంచి అమ్మారు. వేశాక రవ్వంత తేడా కూడా లేదు. ఇంకొకాయన రామేశ్వరం వైపు నుంచి అసలైన లైవ్ రాక్ (బాక్టీరియా, ప్రాణులు పట్టిన పగడపు రాయి) తెప్పిస్తానంటున్నాడు, కిలో లెక్కన. ఇవి కాకుండా చదివినవి చీటో నాచు, లోతైన ఇసుక, వెనిగర్, మడ మొక్కలు. అన్నీ చదివితే ఉన్న కాస్త క్లారిటీ కూడా పోయింది. సాల్ట్ బకెట్ రేటు మీకు తెలుసు కదా, వారానికి 50 శాతం మార్చమని మాత్రం చెప్పకండి ప్లీజ్. నురగతో మురికిని లాగే స్కిమ్మర్ ఉంది, బాగానే పనిచేస్తోంది. ఇందులో ఏది మొదలుపెట్టాలి?

రుషికొండ_అల:

బ్రో, ఏదీ మొదలుపెట్టకు ముందు. ఆ 80 ఎక్కడి నుంచి వస్తోందో లెక్క తేల్చు, ఆ తర్వాతే మిగతావి.

రెసిన్ సంగతి చెప్పేస్తా. ఆ రకం రెసిన్ మంచినీళ్ళలో నైట్రేట్‌ని పట్టుకుంటుంది. ఉప్పునీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 19 గ్రాములుంటుంది, రెసిన్‌లో ఉన్న చోటంతా అదే ఆక్రమించేస్తుంది, నీ నైట్రేట్‌కి నిలబడే చోటు కూడా దొరకదు. నీకు అమ్మినాయనకి ఇది తెలియదో, తెలిసీ అమ్మాడో. తీసి పక్కన పెట్టు.

లైవ్ రాక్ జోలికి అస్సలు పోకు. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. చచ్చిన పగడపు ముక్క అయినా సరే, సముద్రంలోంచి తెచ్చి అమ్మితే కేసే. కొన్నవాళ్ళకీ తప్పదు. పైగా నీ దగ్గర ఏడాది నానిన రాయి ఉంది కదా, అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా దాని మీద ఈపాటికే ఉంటుంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపిస్తున్నాయంటే అర్థం అదే.

ఇక లెక్క. రోజుకి పొడి మేత ఎంత వేస్తున్నావో ఒకసారి చిన్న తూకం మీద పెట్టి చూడు. గ్రాము మేతలో ప్రోటీన్ 45 శాతం అనుకో. ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని, అంటే 72 మిల్లీగ్రాములు. అదంతా చివరికి నైట్రేట్ అయితే 4.43 రెట్లు, దాదాపు 320 మిల్లీగ్రాములు. నీ 300 లీటర్లకి పంచితే రోజుకి 1 పీపీఎం. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్ లాగుతుంది, అయినా వారానికి 5, 6 ఎక్కడికీ పోవు. గ్రాము అంటే నువ్వు వేసే రెండు చిటికెలే, ఎక్కువేం కాదు.

ఇప్పుడు అసలు విషయం. వారానికి 8 పెరుగుతూ నువ్వు 10 శాతం మారుస్తుంటే, అది సరిగ్గా 80 దగ్గరే ఆగుతుంది. 80లో పదో వంతు తీస్తే 72, వారంలో 8 కలిస్తే మళ్ళీ 80. నువ్వు ఏడాది కాదు పదేళ్ళు ఇలాగే చేసినా ఆ అంకె కదలదు. పెరుగుదలని 4కి తెస్తే అదే 10 శాతంతో మెల్లగా 40కి దిగి అక్కడ ఆగుతుంది. 30 శాతం మారిస్తే, పెరుగుదల 8 ఉన్నా 27 దగ్గర ఆగుతుంది. సాల్ట్ ఖర్చు వద్దన్నావు కాబట్టి రెండోది వదిలేద్దాం.

ఒక్క ప్రశ్న, టాప్‌అప్‌కి, అంటే ఆవిరైన నీళ్ళ బదులు, ఏ నీళ్ళు పోస్తున్నావు? వంటింటి ఆర్వో అయితే అనుమానించాల్సిందే. వాటిలో రుచి కోసం టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ పెట్టి కొంత ముడినీరు కలిపి వదులుతారు. అసలే ఆర్వో మెంబ్రేన్ మిగతా లవణాలని ఆపినంత బాగా నైట్రేట్‌ని ఆపదు. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్ళలో నైట్రేట్ తాగునీటి పరిమితి 45 మిల్లీగ్రాములు దాటి ఉంది. నీ అపార్ట్‌మెంట్‌లో బోరు కలుస్తుంటే ఆ గ్లాసు నీళ్ళకి కూడా టెస్ట్ చెయ్యి. టెస్ట్ చేసేటప్పుడు కిట్‌లో రెండో బాటిల్ అర నిమిషం గట్టిగా కుదిపావా లేదా అనేది కూడా చెప్పు, అడుగున పొడి పేరుకుంటే రీడింగ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. కొన్ని కిట్లు నైట్రేట్ కాకుండా అందులోని నత్రజనినే చూపిస్తాయి, వాటి అంకెని 4.43తో గుణించాలి, లేకపోతే మనమిద్దరం వేరే వేరే భాషల్లో మాట్లాడుకుంటున్నట్టే.

హైదరాబాదీ_రీఫ్:

అన్నా థాంక్స్. బాటిల్ గట్టిగానే కుదుపుతా. మేత తూచా, ఒక గ్రాముకి కాస్త పైనే వస్తోంది, దానికి తోడు వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ రొయ్య. అవును, టాప్‌అప్ వంటింటి ఆర్వోనే. నువ్వన్నట్టే టెస్ట్ చేస్తే 10 చూపించింది! సాల్ట్ కలిపేదీ ఆ నీళ్ళతోనే. ఎండాకాలం కదా, రోజుకి 3 లీటర్లు ఆవిరైపోతోంది.

ఇంకోటి, ఫాస్ఫేట్ టెస్ట్ చేస్తే సున్నా. సంప్‌లో ఫాస్ఫేట్ రిమూవర్ సంచి ఎప్పటి నుంచో ఉంది. అది మంచిదే కదా?

రుషికొండ_అల:

రోజుకి 3 లీటర్లలో 30 మిల్లీగ్రాములు, వారానికి 0.7 పీపీఎం. నీళ్ళు మార్చినప్పుడు కలిపే 30 లీటర్లతో ఇంకో 1. అంటే వారానికి 1.7, మేత వైపు నుంచి 6 చిల్లర, కలిపితే నీ 8 వచ్చేసింది చూడు. మిగిలిన లవణాలని పట్టేసే డీఐ రెసిన్ క్యాట్రిడ్జ్ ఒకటి కొని ఆర్వో తర్వాత తగిలించు. ఈ రెసిన్ పనిచేస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఉప్పు లేదు. కంట్రోలర్ కలిపే ముడినీరు దాని గుండా పోతే రెసిన్ తొందరగా చచ్చిపోతుంది కాబట్టి, వీలైతే మెంబ్రేన్ నుంచి నేరుగా లైన్ తీసుకో. టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి, 1 దాటగానే మార్చెయ్యి. ఫాస్ఫేట్ సంగతి నాచు పెంచేవాళ్ళు చెప్తారు, ఆగు.

(విశాఖ వాళ్ళకి ఒక మాట, ఎలాగూ అడుగుతారు కాబట్టి. నేను సముద్రం నీళ్ళే వాడతా. హార్బర్ దరిదాపుల్లో ముంచను, రుషికొండ దాటి భీమిలి వైపు, పోటు మీద ఉన్నప్పుడు. వానాకాలం, ఆ తర్వాత కొన్నాళ్ళూ అసలు తీసుకోను, నదుల నీళ్ళు కలిసి మన బంగాళాఖాతం పైపొర ఉప్పదనం బాగా పడిపోతుంది. ఎప్పుడు తెచ్చినా ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ చూడకుండా పొయ్యొద్దు.)

టెక్సాస్_తెలుగు_రీఫ్:

హాయ్ అండి, డాలస్ నుంచి. నా వోటు చీటోకి. పూర్తి పేరు కీటోమార్ఫా, పచ్చటి స్టీల్ పీచులా ఉంటుంది. సంప్‌లో ఒక గదిలో వేసి పైన లైట్ పెడితే అది నైట్రేట్, ఫాస్ఫేట్ తిని పెరుగుతుంది, పెరిగిన దాన్ని మీరు తీసి పారేస్తారు. ఆ పారేయడమే పద్ధతి అంతా. చాలామంది ముద్ద ముచ్చటగా పెరిగిందని అలాగే ఉంచేస్తారు, లోపలి భాగానికి వెలుతురు అందక కుళ్ళి, తిన్నదంతా మళ్ళీ నీళ్ళలోకే కక్కేస్తుంది.

ఎంత తీస్తే ఎంత పోతుంది అంటే, నీళ్ళు పిండిన 100 గ్రాముల నాచు ఎండితే పది గ్రాముల దాకా మిగులుతుంది, అందులో నత్రజని 3 శాతం అటూఇటూ. నైట్రేట్‌గా చూస్తే 1.3 గ్రాములు, మీ ట్యాంక్‌లో 4 పీపీఎం. వారానికి గుప్పెడు గట్టిగా తీయగలిగితే మీ పెరుగుదలలో సగం పోయినట్టే. మొదట్లో అంత రాదు, కుదురుకోవడానికి టైమ్ పడుతుంది.

లైట్ పగలు కాదు, రాత్రి వెలిగించండి, డిస్‌ప్లే లైట్లు ఆరాక. చీకట్లో అందరూ ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే పీహెచ్ పడిపోతుంది, ఆ టైమ్‌లో నాచు పనిచేస్తుంటే ఆ పతనం తగ్గుతుంది. లైట్ మాత్రం గట్టిది కావాలి, మొక్కలకి వాడే ఎల్ఈడీ సరిపోతుంది. జీరో వాట్ బల్బు పెట్టి చీటో పెరగట్లేదని అడిగేవాళ్ళని చాలామందిని చూశా.

ఇప్పుడు మీ ఫాస్ఫేట్ సున్నా గురించి. అది మంచిది కాదండీ, మీ నైట్రేట్ కదలకపోవడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది. సముద్రపు పెద్ద నాచుల ఒంట్లో సుమారు 30 నత్రజని పరమాణువులకి ఒక ఫాస్ఫరస్ ఉంటుంది. ఆ ఒక్కటి దొరక్కపోతే పక్కన 80 పీపీఎం నైట్రేట్ ఉన్నా నాచు దాన్ని ముట్టలేదు. రిమూవర్ సంచి తీసేయండి, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య కనిపించాక చీటో వేయండి. ముందే వేస్తే తెల్లబడి విరిగిపోతుంది, మీరు నాచుని తిడతారు.

కాలెర్పా ఎవరైనా ఫ్రీగా ఇస్తానన్నా తీసుకోకండి. ద్రాక్ష గుత్తుల్లా అందంగా ఉంటుంది, కానీ ఒక్కోసారి రాత్రికి రాత్రి పునరుత్పత్తికి దిగి మొత్తం కరిగి నీళ్ళు పాల రంగులోకి మారిపోతాయి, అన్నాళ్ళు తిన్నదంతా ఒక్కసారే బయటికొస్తుంది. 2000లో కాలిఫోర్నియా కార్ల్స్‌బాడ్ దగ్గర ఒక ఉప్పుకయ్యలో అక్వేరియం రకం కాలెర్పా బయటపడితే, టార్పాలిన్లు కప్పి లోపలికి క్లోరిన్ పంపి చంపారు, పూర్తిగా పోయిందని 2006లో గానీ ప్రకటించలేదు. అందుకే ఏ నాచు పారేసినా ఎండబెట్టి చెత్తలో వేయండి, కాలవలోకి వద్దు.

మడ మొక్కలా? చూడ్డానికి బాగుంటాయి, అంతే. ఆకు వేయడానికే నెలలు పడుతుంది, నైట్రేట్ దాన్ని పట్టించుకోదు కూడా.

చెరువుగట్టు:

తమ్ముడూ, భీమవరం నుంచండి. నాది రొయ్యల చెరువులు, ఇంట్లో ఒక సాల్ట్ ట్యాంక్ సరదాకి. వెనిగర్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా, ఎందుకంటే అది మాకు కొత్త కాదు, మా చెరువుల్లో బెల్లం పోసే లెక్కే అది.

బాక్టీరియా ఒళ్ళు కట్టుకోవాలంటే కార్బన్ కావాలి, నత్రజని కావాలి. రొయ్యల మేతలో ప్రోటీన్ ఎక్కువ, అందుకని చెరువులో నత్రజని మిగిలిపోయి కార్బన్ చాలదు. బెల్లమో మొలాసిసో పోస్తే బాక్టీరియా లేచి ఆ అమ్మోనియాని తన ఒంట్లో కట్టేసుకుంటుంది. గ్రాము అమ్మోనియా నత్రజనికి 20 గ్రాముల పిండిపదార్థం అని అవ్నిమెలెక్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త 1999లో లెక్క కట్టి చెప్పాడు, బయోఫ్లాక్ (ఇలా బాక్టీరియా ముద్దలు పెంచే పద్ధతి) చేసేవాళ్ళందరికీ అది నోటికొచ్చు. మీ ట్యాంక్‌లో కార్బన్ పని వెనిగర్ చేస్తుంది, ఫారిన్‌లో వోడ్కా కూడా పోస్తారు, మనకి అంత దుబారా ఎందుకండీ. తేడా ఎక్కడంటే, చెరువులో ఆ బాక్టీరియా ముద్దల్ని రొయ్య తినేస్తుంది. మీ దగ్గర స్కిమ్మర్ లాగి కప్పులో వేయాలి. స్కిమ్మర్ లేని ట్యాంక్‌లో ఈ పని చెయ్యొద్దని ఖచ్చితంగా చెప్తా.

తెల్ల వెనిగరే, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, రంగూ రుచీ కలపనిది. ఆపిల్ సిడార్ వద్దు. బెల్లం కూడా వద్దు, రంగు, మడ్డి, ఏవేవో ఖనిజాలు అన్నీ వస్తాయి, చెరువుకి చెల్లుతుంది గానీ అద్దాల పెట్టెకి చెల్లదు. పంచదార వేసినవాళ్ళు ఎర్ర జిగురు పాచి వచ్చిందని మొత్తుకోవడం కూడా విన్నా. 300 లీటర్లకి రోజుకి 2, 3 మిల్లీలీటర్లతో మొదలెట్టు. పొద్దున లైట్లు వెలిగాక, స్కిమ్మర్ దగ్గర నీళ్ళు బాగా పారే చోట, ఆమ్లం కాబట్టి ఒక్కసారి గుమ్మరించకుండా. వారానికోసారి ఇంకో 2, 3 పెంచు, నైట్రేట్ దిగడం మొదలయ్యాక అక్కడే ఆగు. కొన్ని వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, తొందరపడి డబుల్ చేశావంటే అప్పుడు జరుగుతుంది.

ఏం జరుగుతుందో చెప్తా విను. నీళ్ళు మంచు పట్టినట్టు తెల్లబడతాయి, అంటే బాక్టీరియా ఒక్కసారిగా విరుచుకుపడింది, ఆక్సిజన్ అంతా అదే తాగేస్తుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మా చెరువుల్లో తెల్లవారుజామున రొయ్య తేలడం అంటే ఇదే, అందుకే ఏరేటర్లు రాత్రంతా తిప్పుతాం, కరెంటు పోతే జనరేటర్ వేస్తాం. మీకు ఏప్రిల్, మే నెలల్లో రాత్రి కరెంటు పోతే స్కిమ్మర్ ఆగిపోయి నిమిషాల్లో టెన్షన్ మొదలవుతుంది. బ్యాటరీ ఎయిర్ పంప్ కొనకుండా వెనిగర్ సీసా మూత తియ్యకు. పంపుల మీద తెల్ల జిగురు తీగలు కొద్దిగా కనిపిస్తే ఫర్వాలేదు, ఎక్కువైతే సగానికి తగ్గించు.

ఫాస్ఫేట్ మాట డాలస్ ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు. బాక్టీరియాకీ అది కావాలి. సున్నాలో వెనిగర్ పోస్తే వెనిగర్ దండగ.

హైదరాబాదీ_రీఫ్:

రిమూవర్ సంచి తీసేశా. డీఐ ఆర్డర్ పెట్టా. చీటో, వెనిగర్ రెండూ కలిపి మొదలుపెడితే ఫాస్ట్‌గా దిగుతుంది కదా? ఇసుక మందం కూడా పెంచేద్దామని ఉంది, ఇప్పుడు ఒక అంగుళం ఉంది, ఇంకో నాలుగు అంగుళాలు పోస్తే?

రుషికొండ_అల:

నడుస్తున్న ట్యాంక్‌లో ఇసుక పొయ్యకు. పాత ఇసుక కింద పడి అందులో ఉన్న ప్రాణులన్నీ ఊపిరాడక చచ్చి అమ్మోనియా లేస్తుంది, నైట్రేట్ తగ్గించబోయి చేపల్ని పోగొట్టుకుంటావు.

లోతైన ఇసుక పనిచేయదని కాదు. పైన ఆక్సిజన్ ఉంటుంది, కిందికి పోయేకొద్దీ అయిపోతుంది, అక్కడి బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ని లాక్కుని నత్రజనిని వాయువుగా వదిలేస్తుంది. అద్దం పక్కన ఇసుకలో చిన్న చిన్న బుడగలు ఇరుక్కుని కనిపిస్తాయి, అవే. నాచు అయితే నువ్వు తీసి పారెయ్యాలి, ఇక్కడ అది గాల్లో కలిసిపోతుంది. మొనాకోలో జోబేర్ ఇసుక కింద నీళ్ళ ఖాళీ వదిలి చేసిన పద్ధతి కూడా ఇలాంటిదే. కానీ 4 నుంచి 6 అంగుళాల సన్నని అరగొనైట్ (సున్నపు) ఇసుక కావాలి, నెలల తరబడి కదపకూడదు, కుళ్ళిన మేత లోపలికి దిగకూడదు. దిగితే నల్ల మచ్చలు, కెలికితే కుళ్ళిన గుడ్డు వాసన, అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకి విషం. అంతగా చేయాలనిపిస్తే వేరే బకెట్లో ఇసుక నింపి, మూత పెట్టి, సంప్ నీళ్ళు పైనుంచి పారేలా కలుపు. తేడా కొడితే బకెట్ ఒక్కటీ విడదీసేయొచ్చు.

రెండూ కలిపి వద్దు. ఒకటి మొదలెట్టి నెల చూడు, లేకపోతే ఏది పనిచేసిందో, ఏది ముంచిందో తెలియదు. నీకు మొదట డీఐ, మేత ముప్పావు, ఆ తర్వాత చీటో. వెనిగర్ చివరికి, అదీ అవసరమైతేనే. ఫాక్స్‌ఫేస్ ఎలాగూ గడ్డి తినే చేప, పెల్లెట్ తగ్గించి నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) పెట్టు, మిగిలిన ముక్క సాయంత్రం తీసెయ్యి.

టెక్సాస్_తెలుగు_రీఫ్:

ఫాస్ట్ అనే మాట మర్చిపోండి. 80కి అలవాటు పడ్డ జోవాలు వారంలో 5కి దిగితే తట్టుకోలేవు. చేపలకి 30, 40 ఉన్నా నష్టం లేదు, మీ సాఫ్ట్ కోరల్స్‌కి 5 నుంచి 15 చాలు. సున్నాకి మాత్రం తేవద్దు, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ అడుగంటితే డైనోఫ్లాజెలేట్లు దిగుతాయి, గోధుమ రంగు చీమిడిలా రాళ్ళ మీద సాగుతూ, కొసన బుడగలతో. వాటి కంటే మీ పచ్చ పాచి వెయ్యి రెట్లు నయం.

హైదరాబాదీ_రీఫ్:

సరే, మీరు చెప్పిన వరసలోనే వెళ్తా. ఇక్కడ చీటో ఎక్కడ దొరుకుతుంది? షాపుల్లో అడిగితే మొహం చూస్తున్నారు.

రుషికొండ_అల:

నా సంప్‌లో తీసేదే వారానికి ఒక బకెట్, మెసేజ్ పెట్టు. తడి పేపర్లో చుట్టి కవర్లో వేస్తే హైదరాబాద్ బస్సులో ఒక రాత్రి బాగానే బతుకుతుంది. వచ్చాక తిన్నగా సంప్‌లో వెయ్యకు. ట్యాంక్ నీళ్ళున్న బకెట్లో విడదీసి బాగా జాడించు, చిన్న పీతలు, గోధుమ రంగు పువ్వులా అతుక్కున్న ఐప్టేసియా ఉన్నాయేమో టార్చ్ పెట్టి చూడు. ఐప్టేసియా ఉన్న పోగు మొత్తం పారెయ్యి, గిల్లి తీద్దామని చూస్తే ముక్కకొకటి మొలుస్తుంది. ఫాస్ఫేట్ 0.03 చూపించాకే అడుగు, అంతవరకు పంపను.